జబ్బు కనిపించని మగగుర్రం: గుర్రాల అంటు గర్భాశయ వాపు ఎందుకు మళ్లీ మళ్లీ బయటపడుతోంది

క్లుప్తంగా: కంటేజియస్ ఈక్వైన్ మెట్రైటిస్, పొట్టిగా సీఈఎం, ఆడగుర్రాల గర్భాశయానికి సోకే బ్యాక్టీరియా వ్యాధి. దీంతో గుర్రాలు చనిపోవు, మనుషులకు ఇది అంటదు, మందులకు లొంగుతుంది. అయినా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ దీన్ని తన జాబితాలో ఉంచింది, గుర్రాల ఎగుమతి దిగుమతులు దీని చుట్టూ కఠినమైన షరతులతో నడుస్తున్నాయి. బ్యాక్టీరియాను మోసే మగగుర్రం పూర్తి ఆరోగ్యంగా కనిపించడం, ప్రయోగశాలలో ఆ బ్యాక్టీరియాను పెంచడం కష్టం కావడం, వీర్య సేకరణ కేంద్రాల పనితీరే వ్యాప్తికి కొత్త దారి తెరవడం ఇందుకు ముఖ్య కారణాలు.

2024 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఒక పోనీ మగగుర్రానికి సీఈఎం ఉన్నట్టు ఆ దేశ పశు ఆరోగ్య అధికారులు ధ్రువీకరించారు. ఆరా తీసిన కొద్దీ మరికొన్ని గుర్రాల్లోనూ అదే బ్యాక్టీరియా కనిపించింది. అమెరికా 1970ల చివర్లోనే ఈ వ్యాధిని ఒకసారి తుడిచిపెట్టింది. 2008లో బయటపడిన పెద్ద వ్యాప్తిని కూడా అదుపు చేసింది. వ్యాధి ఉన్న దేశాల నుంచి దిగుమతి అయ్యే సంతానోత్పత్తి గుర్రాలను వారాల తరబడి నిర్బంధంలో ఉంచి పరీక్షించే దేశంలోనే ఈ వ్యాధి మళ్లీ ఎలా కనిపించిందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి జవాబు ఈ బ్యాక్టీరియా బతికే తీరులో, గుర్రాల పెంపకం నడిచే పద్ధతిలో ఉంది.

న్యూమార్కెట్, 1977

ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్ పందెపు గుర్రాల పెంపకానికి ప్రపంచ ప్రసిద్ధి చెందిన ఊరు. 1977 వసంతంలో అక్కడి స్టడ్ ఫారాలలో, అంటే గుర్రాల సంతానోత్పత్తి కేంద్రాలలో, మగగుర్రాలతో దాటించిన ఆడగుర్రాలు వరసగా చూలు నిలవక తిరిగి ఎదకు రావడం మొదలైంది. చాలా వాటికి యోని నుంచి బూడిదరంగు చీము ధారగా కారేది. తోక కింద, వెనక తొడల మీద అది అట్టకట్టి ఉండేది. అప్పటికి పశువైద్యులకు తెలిసిన గర్భాశయ వ్యాధుల బ్యాక్టీరియాలలో ఏదీ నమూనాలలో దొరకలేదు. నేషనల్ స్టడ్ వంటి పేరున్న చోట కూడా దాటించడం నిలిపివేయాల్సి వచ్చింది.

నమూనాలను మామూలు గాలిలో పెంచినంత కాలం ఏమీ మొలవలేదు. ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ డయాక్సైడ్ పెంచిన వాతావరణంలో, వేడి చేసిన రక్తం కలిపిన పోషక పదార్థం మీద ఉంచినప్పుడే సన్నటి బ్యాక్టీరియా గుంపులు (కాలనీలు) కనిపించాయి. ఆ బ్యాక్టీరియాకు 1978లో హీమోఫిలస్ ఈక్విజెనిటాలిస్ అని పేరు పెట్టారు. ఆ కుటుంబంతో దానికి దగ్గరి చుట్టరికం లేదని తేలాక, 1980ల తొలి సంవత్సరాలలో కొత్త ప్రజాతిని ఏర్పరచి, తొలి పరిశోధనలు చేసిన శాస్త్రవేత్తలలో ఒకరైన టేలర్ పేరు మీదుగా టేలొరెల్లా ఈక్విజెనిటాలిస్ అని మార్చారు. గాడిదలలో కనిపించే దాని సోదర జాతి టేలొరెల్లా అసినిజెనిటాలిస్‌ను 2001లో వర్ణించారు. ఈ రెండింటినీ వేరు చేసి చెప్పడం పరీక్షలో ఒక ముఖ్యమైన మెట్టు, ఎందుకంటే గాడిద రకాన్ని సీఈఎంగా పొరబడితే ఒక ఫారం మొత్తం అనవసరంగా మూతపడుతుంది.

వ్యాధి న్యూమార్కెట్‌లో ఆగలేదు. ఐర్లాండ్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాలలో బయటపడింది. 1978 మార్చిలో అమెరికా పందెపు గుర్రాల పెంపకానికి గుండెకాయ వంటి కెంటకీకి చేరింది. ఫ్రాన్స్ నుంచి దిగుమతి చేసుకున్న రెండు మగగుర్రాలు దాన్ని మోసుకొచ్చినట్టు తేలింది. నిండు సీజన్‌లో ఆ రాష్ట్రంలో గుర్రాల రాకపోకల మీద, దాటించడం మీద ఆంక్షలు పెట్టారు. మరుసటి ఏడాది మిస్సోరీలో, 1980లో జపాన్‌లో కూడా కేసులు వచ్చాయి. మేలుజాతి మగగుర్రాలు ఒక దేశం నుంచి మరో దేశానికి, ఆడగుర్రాలు ఒక ఫారం నుంచి మరో ఫారానికి ప్రయాణించడమే ఆ రంగం నడిచే తీరు. వ్యాధి కూడా ఆ బాటనే పట్టింది.

బ్యాక్టీరియా ఎక్కడ దాగి ఉంటుంది

మగగుర్రం శరీరం లోపలికి ఈ బ్యాక్టీరియా చొరబడదు. రక్తంలోకి పోదు, వృషణాలకు పట్టదు. అంగం పైచర్మం ముడతల్లో, మూత్రనాళం చివర చుట్టూ ఉండే గుంటలో పేరుకునే జిడ్డు మురికిలో స్థిరపడుతుంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ, తేమ ఎక్కువ. దానికి కావలసిన వాతావరణం సరిగ్గా అదే. కణజాలానికి హాని జరగదు కనుక శరీరం దాన్ని శత్రువుగా గుర్తించదు, ప్రతిరక్షకాలను తయారు చేయదు. జ్వరం, వాపు, చీము ఏవీ ఉండవు. గుర్రం తింటుంది, పరుగెత్తుతుంది, ఆడగుర్రాలను దాటుతుంది, దాని వీర్యం నాణ్యత కూడా తగ్గదు. ఈ స్థితిలో అది నెలలు, ఏళ్ల తరబడి బ్యాక్టీరియాను మోస్తూ తిరగగలదు.

ఆడగుర్రం కథ వేరు. దాటిన సమయంలో బ్యాక్టీరియా నేరుగా గర్భాశయంలోకి చేరుతుంది. అక్కడి లోపొర తీవ్రంగా వాస్తుంది. తెల్ల రక్తకణాలు పెద్ద సంఖ్యలో పోగై, దాటించిన కొద్ది రోజులకు, తరచుగా పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య, చీములాంటి స్రావం బయటకు వస్తుంది. అయితే సోకిన ప్రతి ఆడగుర్రంలోనూ ఇంత స్పష్టమైన లక్షణాలు ఉండవు. కొన్నింటిలో కొద్దిపాటి స్రావం మాత్రమే ఉంటుంది, కొన్నింటిలో చూలు నిలవకపోవడం తప్ప మరే గుర్తూ ఉండదు. చాలా గుర్రాలు కొన్ని వారాలలో వాటంతటవే కోలుకుంటాయి. గర్భాశయం శుభ్రపడుతుంది గానీ భగాంకురం చుట్టూ ఉండే గుంటలో, దాని మీది సన్నటి బిలాలలో బ్యాక్టీరియా మిగిలిపోవచ్చు. అలా మిగిలిన ఆడగుర్రం చూలు కట్టి ఈనినా, బ్యాక్టీరియాను వదిలించుకున్నట్టు కాదు. ఈనేటప్పుడు పిల్లకు అది అంటే అవకాశం కూడా ఉంది. ఒకసారి కోలుకున్న గుర్రానికి గట్టి రోగనిరోధక శక్తి ఏర్పడదు కాబట్టి మళ్లీ సోకవచ్చు.

పాడి రైతులకు ఇలాంటి అమరిక కొత్త కాదు. ఆవులకు వచ్చే జననాంగ క్యాంపిలోబ్యాక్టర్ వ్యాధిలోనూ ఆంబోతుకు ఏ జబ్బూ కనిపించదు. దాని అంగాన్ని కప్పి ఉండే చర్మం ముడతల్లో బ్యాక్టీరియా ఉంటుంది, ఆవులు మాత్రం చూడి నిలవక తిరిగి పొర్లుతుంటాయి. నంద్యాల, కరీంనగర్ వంటి చోట్ల ఉన్న ఘనీకృత వీర్య కేంద్రాల ఆంబోతులకు క్రమం తప్పకుండా వ్యాధి పరీక్షలు చేయాలని దేశవ్యాప్త ప్రమాణాలు చెప్పడం వెనక ఉన్న తర్కమే గుర్రాల విషయంలోనూ వర్తిస్తుంది. ఒక మగజీవి వందల ఆడజీవులకు తండ్రి అయ్యే చోట, జబ్బు కనిపించకపోవడాన్ని ఆరోగ్యానికి రుజువుగా తీసుకోలేము.

ఒక్క ఎద పోతే పోయేది ఎంత

ప్రాణం తీయని, గర్భస్రావాలు కూడా అరుదుగా మాత్రమే కలిగించే ఒక వ్యాధికి ఇంత హడావుడి ఎందుకన్న సందేహం రావచ్చు. ఆడగుర్రపు ఎద చక్రం, పందెపు గుర్రాల క్యాలెండర్ రెండూ కలిపి చూస్తే అది తీరుతుంది.

ఆడగుర్రం ఏడాది పొడవునా ఎదకు రాదు. పగటి వెలుగు పెరిగే నెలల్లో మాత్రమే, సుమారు 21 రోజులకు ఒకసారి వస్తుంది. చూలు కాలం దాదాపు 11 నెలలు. పందేల కోసం పెంచే థరోబ్రెడ్ జాతిలో ఉత్తరార్ధగోళంలో పుట్టిన ప్రతి పిల్లకూ, అసలు పుట్టిన తేదీతో పని లేకుండా, జనవరి 1నే వయసు ఒక ఏడాది పెరుగుతుంది. అందుచేత జనవరి, ఫిబ్రవరిలో పుట్టిన పిల్లకు మే నెలలో పుట్టిన పిల్ల మీద మూడు నాలుగు నెలల ఎదుగుదల అదనంగా ఉంటుంది, రెండేళ్ల వయసు పందేలలో అది స్పష్టంగా తెలుస్తుంది. పెంపకందారు ప్రతి ఆడగుర్రాన్నీ సీజన్ మొదట్లోనే చూలు కట్టించాలని చూసేది ఇందుకే. ఒక ఎద వృథా అయితే మూడు వారాలు, రెండు పోతే ఆరు వారాలు వెనకబడినట్టు. మూడోది కూడా పోతే ఆ ఏటికి ఆ గుర్రం ఖాళీగా ఉండిపోయే ప్రమాదం ఉంది.

సీఈఎం సోకినప్పుడు ఈ చక్రమే దెబ్బతింటుంది. వాచిన గర్భాశయ లోపొర ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అండాశయంలో చూలును నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను తయారుచేసే కణపుంజాన్ని అది సమయానికి ముందే కరిగించివేస్తుంది. ఫలితంగా ఆడగుర్రం 21 రోజులు ఆగకుండా అంతకంటే త్వరగా ఎదకు వస్తుంది. పైకి చూసేవారికి ఇది మళ్లీ దాటించడానికి దొరికిన అవకాశంలా కనిపిస్తుంది. నిజానికి ఆ స్థితిలో దాటిస్తే మగగుర్రానికి బ్యాక్టీరియా అంటుతుంది, అది మోయడం మొదలుపెడుతుంది. ఒక సీజన్‌లో వందకు పైగా ఆడగుర్రాలను దాటే మగగుర్రాలున్న రంగంలో ఒక్క పొరపాటు ఎన్ని ఫారాలకు చేరుతుందో ఊహించవచ్చు. పైగా థరోబ్రెడ్‌లలో కృత్రిమ గర్భధారణ ద్వారా పుట్టిన పిల్లలను నమోదు చేయరు. సహజంగా దాటించడం ఒక్కటే అక్కడ అనుమతించే మార్గం.

ఇతర అంటువ్యాధులతో పోలిస్తే దీని ప్రత్యేకత ఇంకా స్పష్టమవుతుంది. గుర్రాలలో కలయిక ద్వారానే వ్యాపించే దౌరీన్ అనే పరాన్నజీవి వ్యాధి ప్రాణాంతకం. గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా వ్యాధి మనుషులకూ సోకుతుంది, నిర్ధారణ అయిన గుర్రాన్ని చంపాల్సి వస్తుంది. ఈక్వైన్ వైరల్ ఆర్టిరైటిస్‌లో కూడా మగగుర్రాలు వైరస్‌ను దీర్ఘకాలం మోస్తాయి గానీ దానికి టీకా ఉంది, రక్తపరీక్షతో గుర్తించే వీలూ ఉంది. సీఈఎంకు టీకా లేదు. మగగుర్రం రక్తంలో దాని జాడ కూడా దొరకదు. ప్రమాద తీవ్రతలో ఇది ఆ మూడింటికీ వెనకే ఉంటుంది, దాక్కోవడంలో మాత్రం ముందుంటుంది.

పరీక్ష ఎందుకు అంత సులువు కాదు

రక్తం తీసి ఫలితం చెప్పే మార్గం ఆడగుర్రాలలో కొన్ని వారాలే పనికొస్తుంది. సోకిన రెండు వారాల తర్వాత మొదలై కొన్ని వారాల పాటు కాంప్లిమెంట్ ఫిక్సేషన్ పరీక్షలో ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. ఆ గడువు దాటితే, గుర్రం బ్యాక్టీరియాను మోస్తూనే ఉన్నా, పరీక్ష ఏమీ చూపకపోవచ్చు. కాబట్టి స్వాబ్ తీయడం, అంటే దూది చుట్టిన పుల్లతో తుడిచి నమూనా తీయడం, తప్పదు.

ఆ పని దగ్గర నుంచి చూస్తే అందులోని ఓపిక అర్థమవుతుంది. మగగుర్రాన్ని ముందుగా ఆడగుర్రం దగ్గరికి తెచ్చి, అంగం పూర్తిగా బయటికి వచ్చేలా చేస్తారు. మూత్రనాళం చివర, దాని చుట్టూ ఉన్న గుంట, అంగాన్ని కప్పే తొడుగు చర్మం, వీలైతే ముందుగా వెలువడే స్రావం, ఇలా ఒక్కో చోటి నుంచి ఒక్కో స్వాబ్ విడివిడిగా తీస్తారు. ఆడగుర్రంలో భగాంకురపు గుంట నుంచి, దాని బిలాలలోకి దూరేంత సన్నటి స్వాబ్‌తో ఆ బిలాల నుంచి, ఎద సమయంలో గర్భాశయం లోపలి నుంచి నమూనాలు తీస్తారు. ప్రతి స్వాబ్‌నూ బ్యాక్టీరియాను బతికించి ఉంచే, బొగ్గుపొడి కలిపిన ఏమీస్ మాధ్యమంలో గుచ్చి, చల్లగా ఉంచి, ఒకటి రెండు రోజులలోగా ప్రయోగశాలకు చేర్చాలి. ఆలస్యమైతే బ్యాక్టీరియా చనిపోతుంది, రిపోర్టులో ‘లేదు’ అని వస్తుంది. ఆ ‘లేదు’ అనే మాటకు అప్పుడు విలువ ఉండదు.

ప్రయోగశాలకు చేరాక ఇంకో చిక్కు ఎదురవుతుంది. జననాంగాల మీద సహజంగా ఉండే ఇతర సూక్ష్మజీవులు ఒక్క రోజులో పోషక పదార్థం పరిచిన పళ్లెం అంతా నిండిపోతాయి. టేలొరెల్లా కాలనీలు కంటికి కనిపించడానికే కనీసం రెండు మూడు రోజులు పడుతుంది, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే. అందుకే ఏడు రోజులైనా చూడకుండా లేదని చెప్పకూడదన్నది నియమం. మిగతా సూక్ష్మజీవులను అణచడానికి తొలి రోజుల్లో పోషక పదార్థంలో స్ట్రెప్టోమైసిన్ కలిపేవారు. న్యూమార్కెట్‌లో దొరికిన బ్యాక్టీరియా ఆ మందును తట్టుకునే రకం కావడంతో ఆ పద్ధతి బాగానే పనిచేసింది. తర్వాత తేలిందేమిటంటే, స్ట్రెప్టోమైసిన్‌కు చనిపోయే రకం కూడా ఉంది. ఆ మందు కలిపిన పళ్లెం మీద అది ఎన్నటికీ మొలవదు. వ్యాధిని పట్టుకోవడానికి చేసిన ఏర్పాటే వ్యాధిని కప్పిపుచ్చింది. ఆ తర్వాత ట్రైమెథోప్రిమ్, క్లిండమైసిన్, శిలీంధ్రాలను అడ్డుకునే ఆంఫోటెరిసిన్ కలిపిన మాధ్యమం వాడుకలోకి వచ్చింది.

బ్యాక్టీరియా జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష ఈ ఇబ్బందులలో చాలా వాటిని తగ్గించింది. బ్యాక్టీరియా బతికి ఉండనక్కర లేదు, పక్కన ఇతర సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నా అడ్డు కావు, గాడిద రకాన్ని వేరుగా గుర్తించవచ్చు, వారం ఆగనక్కర లేదు. చికిత్స తర్వాత మిగిలిన నిర్జీవ బ్యాక్టీరియా జన్యు పదార్థాన్ని కూడా అది పట్టుకోగలదు కనుక ఆ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి.

మగగుర్రం విషయంలో అమెరికా వంటి దేశాలు స్వాబ్‌తోనే సరిపెట్టుకోవు. వ్యాధి ఉన్న దేశాల నుంచి వచ్చే, 731 రోజుల వయసు దాటిన గుర్రాలు ప్రత్యేక నిర్బంధ కేంద్రానికి వెళ్లాలి. అక్కడ మగగుర్రం చేత, ముందే ఆరోగ్యం నిర్ధారించిన రెండు ఆడగుర్రాలను దాటిస్తారు. ఆ ఆడగుర్రాల నుంచి రోజుల తేడాతో పలుమార్లు స్వాబ్‌లు, తర్వాత రక్తం తీసి చూస్తారు. స్వాబ్ పట్టుకోలేనిదాన్ని ఆడగుర్రపు గర్భాశయం బయటపెడుతుందన్నది ఇక్కడి ఆలోచన. ఖర్చు, సమయం ఎక్కువైనా ఇది తర్కబద్ధమైన పద్ధతి.

2008: దాటించకుండానే వ్యాపించిన తీరు

2008 డిసెంబర్‌లో కెంటకీలో ఒక క్వార్టర్ హార్స్ జాతి మగగుర్రపు వీర్యాన్ని విదేశాలకు పంపడానికి మామూలు పరీక్షలు చేస్తుండగా సీఈఎం బయటపడింది. ఎవరూ జబ్బు చూసి పరీక్ష కోరలేదు. ఎగుమతి కాగితాల కోసం చేసిన పరీక్ష అది. ఆ గుర్రంతో, దాని వీర్యంతో సంబంధమున్న గుర్రాలను వెతుకుతూ పోతే జాబితా 48 రాష్ట్రాలలో సుమారు వెయ్యి గుర్రాల దాకా పెరిగింది. చివరికి 28 గుర్రాలలో బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. వాటిలో ఆడగుర్రాలు 5 మాత్రమే.

ఆ సంఖ్యే దర్యాప్తును దారికి తెచ్చింది. కలయిక ద్వారా వ్యాపించే వ్యాధి అయితే ఆడగుర్రాలు ఎక్కువగా ఉండాలి. మగగుర్రాలు ఒకదాన్నొకటి దాటవు. మరి ఒకదాని నుంచి మరొకదానికి అది ఎలా చేరింది? జవాబు వీర్య సేకరణ గదిలో దొరికింది. అక్కడ మగగుర్రాన్ని ఆడగుర్రం ఆకారంలో చేసిన మెత్తటి దిమ్మ మీదికి ఎక్కించి కృత్రిమ యోనిలో వీర్యం పడతారు. అంతకుముందు అంగాన్ని గోరువెచ్చని నీళ్లతో కడుగుతారు. ఒకే దిమ్మ మీదికి రోజూ ఎన్నో గుర్రాలు ఎక్కుతాయి. దాని మీది కవరును ప్రతి గుర్రానికీ మార్చకపోయినా, కడిగే బకెట్టు, స్పాంజి, చేతి తొడుగులు ఉమ్మడిగా వాడినా, ఒక గుర్రం మురికిలోని బ్యాక్టీరియా మరో గుర్రం అంగం మీద చేరడానికి అదే చాలు. పరిశుభ్రత కోసం చేసే కడుగుడే అంటించే పని చేసింది. వ్యాధి మూలంగా, 2000లో దిగుమతి అయిన ఫ్యోర్డ్ జాతి మగగుర్రాన్ని దర్యాప్తుదారులు అనుమానించారు. అదే నిజమైతే దాదాపు ఎనిమిదేళ్ల పాటు ఎవరి కంటా పడకుండా బ్యాక్టీరియా గుర్రం నుంచి గుర్రానికి మారుతూ వచ్చింది.

ఆడగుర్రాలు ఎందుకు తక్కువగా దెబ్బతిన్నాయి? వీర్యాన్ని పలుచన చేయడానికి కలిపే ద్రావణంలో యాంటీబయాటిక్స్ ఉంటాయి, అవి బ్యాక్టీరియా సంఖ్యను తగ్గిస్తాయి. ఇది కొంత రక్షణ ఇచ్చి ఉంటుందని భావిస్తారు. కానీ దానివల్ల ఒక నష్టమూ ఉంది. ఆడగుర్రాలలో చీము కారడం, చూలు నిలవకపోవడం వంటి గుర్తులు కనిపిస్తేనే ఎవరికైనా అనుమానం వస్తుంది. అవి తక్కువగా ఉన్నప్పుడు, మగగుర్రాల మధ్య నిశ్శబ్దంగా సాగే వ్యాప్తిని గమనించేవారు ఉండరు. 1977లో వ్యాధి ఒక్క సీజన్‌లోనే గగ్గోలు పెట్టించింది, 2008లో ఏళ్ల తరబడి చప్పుడు చేయలేదు. కృత్రిమ గర్భధారణ జననాంగ వ్యాధులను అరికడుతుందన్న పాత నమ్మకం ఇక్కడ సగమే నిజమైంది.

2011లో దక్షిణాఫ్రికా అనుభవం దీన్నే బలపరిచింది. అక్కడ లిపిజానర్ జాతి మగగుర్రంలో వ్యాధి మొదటిసారి నిర్ధారణ అయింది. అక్కడ కూడా సోకినవి ఎక్కువగా మగగుర్రాలే, వీర్య సేకరణ కేంద్రంలోని ఉమ్మడి పనిముట్లే ముఖ్యమైన దారి. అంతకుముందు 2006లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన లిపిజానర్ మగగుర్రాలలోనూ ఇదే బ్యాక్టీరియా దొరికింది. థరోబ్రెడ్ రంగం 1977 దెబ్బతో జాగ్రత్తపడింది. మిగతా జాతుల పెంపకందారులకు అలాంటి దెబ్బ తగలలేదు, అందుకే ఏటా పరీక్ష చేయించే అలవాటు అక్కడ బలంగా ఏర్పడలేదు. ఇప్పటి ముప్పు ఎక్కువగా ఆ వైపు నుంచే ఉంది.

చికిత్స, నిర్మూలన

చికిత్స విధానం సాదాసీదాగానే ఉంటుంది. మగగుర్రం అంగాన్ని వరసగా ఐదు రోజులు క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో ముడతలన్నీ తెరిచి, పేరుకున్న జిడ్డును తీసివేస్తూ కడిగి, సిల్వర్ సల్ఫాడయజిన్ వంటి లేపనాన్ని గుంటలలోకి నింపుతారు. ఆడగుర్రంలో గర్భాశయంలోకి యాంటీబయాటిక్ ఎక్కిస్తారు, భగాంకురాన్ని అదే పద్ధతిలో శుభ్రం చేస్తారు. మొండిగా మిగిలిపోయిన కేసుల్లో ఆ బిలాలను శస్త్రచికిత్సతో తొలగిస్తారు. మందులు ఆపాక కనీసం మూడు వారాలు ఆగి మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే మందు ప్రభావం ఉండగా తీసిన స్వాబ్ అబద్ధపు భరోసా ఇస్తుంది. ఒక గుర్రాన్ని బాగుచేయడం ఇలా సాధ్యమే. దేశం నుంచి వ్యాధిని పంపడం మాత్రం మందులతో కాదు, వెతకడంతోనే సాధ్యం.

జపాన్ అది చేసి చూపించింది. 1980లో హొక్కైడోలోని పెంపక ప్రాంతంలో వ్యాధి కనిపించిన తర్వాత, బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షల మీద ఆధారపడినంత కాలం అది తగ్గుతూనే మిగిలింది. 2000ల తొలి ఏళ్లలో పీసీఆర్‌తో థరోబ్రెడ్ గుర్రాలను పెద్దఎత్తున జల్లెడపట్టి, మోస్తున్న వాటిని గుర్తించి చికిత్స చేశారు. ఆపైన కొన్నేళ్లు వరసగా పరీక్షించినా ఒక్క కేసూ దొరకకపోవడంతో ఆ జాతి గుర్రాలలో వ్యాధి తొలగిపోయిందని నిర్ధారణకు వచ్చారు. మొదటి కేసు నుంచి అక్కడిదాకా చేరడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

బ్రిటన్ పట్టిన దారి వేరు. అక్కడ చట్టం ప్రకారం బ్యాక్టీరియా దొరికితే ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. దానికి తోడు, పందేల మీద వసూలయ్యే రుసుముతో ఆ రంగానికి తోడ్పడే గుర్రప్పందేల లెవీ బోర్డు ఒక స్వచ్ఛంద నియమావళిని ఏటా ప్రకటిస్తుంది. ఏటా జనవరి 1 తర్వాత, దాటించడానికి ముందే స్వాబ్‌లు తీయించాలని, ఫలితం వచ్చేదాకా దాటించకూడదని అది చెబుతుంది. సీఈఎంతో పాటు కలయిక ద్వారా వ్యాపించే కొన్ని రకాల క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ బ్యాక్టీరియాలకు కూడా అవే స్వాబ్‌లలో పరీక్ష చేస్తారు. ఫలితాల ధ్రువపత్రం లేని ఆడగుర్రాన్ని స్టడ్ ఫారం తీసుకోదు. చట్టంలో శిక్ష ఉన్నందుకంటే, పక్క ఫారం అడుగుతుందన్న లెక్కే ఈ అలవాటును దశాబ్దాలుగా నిలబెట్టింది. స్వచ్ఛంద నియమం ఇంతకాలం పనిచేయడం పశు ఆరోగ్య రంగంలో అరుదైన సంగతి.

భారత్‌లో ప్రాసంగికత

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం షెడ్యూలులో గుర్రాల వ్యాధుల కింద సీఈఎం ఉంది. అంటే అనుమానం వస్తే తెలియజేయాల్సిన బాధ్యత యజమానికీ, పశువైద్యుడికీ చట్టపరంగా ఉంటుంది. గుర్రాల వ్యాధుల మీద పనిచేసే జాతీయ కేంద్రం హరియాణాలోని హిసార్‌లో ఉంది.

పుణె పరిసరాలు, పంజాబ్, కర్ణాటకలోని కుణిగల్ వంటి చోట్ల ఉన్న స్టడ్ ఫారాలు విదేశాల నుంచి మగగుర్రాలను, చూలు ఆడగుర్రాలను తెచ్చుకుంటూనే ఉంటాయి. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగెత్తే గుర్రాలలో చాలావరకు అటువంటి ఫారాలలో పుట్టినవే. పరుగెత్తే గుర్రాల మధ్య ఈ వ్యాధి వ్యాపించే అవకాశం చాలా తక్కువ కాబట్టి రేస్‌కోర్సులు భయపడాల్సిన పని లేదు. పందేల నుంచి తప్పుకున్న ఆడగుర్రం తిరిగి స్టడ్ ఫారానికి చేరి సంతానోత్పత్తిలో అడుగుపెట్టే ఘట్టంలోనే స్వాబ్ అవసరం మొదలవుతుంది.

థరోబ్రెడ్ రంగంలో కాగితాలు, వంశావళి నమోదు, పశువైద్యుల పర్యవేక్షణ ఉంటాయి. పెళ్లి ఊరేగింపులకు, జట్కాలకు వాడే గుర్రాలు, సంతలలో అమ్ముడయ్యే మార్వారీ, కాఠియావాడీ గుర్రాల విషయంలో అంత నమోదు లేదు. పేరున్న ఒక మగగుర్రం దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడగుర్రాలను తోలుకొచ్చి దాటించడం అక్కడ మామూలే. చూలు నిలవకపోతే ఆడగుర్రం లోపమనో, మేత లోపమనో అనుకుని వదిలేస్తారు. దేశీ జాతుల పరిరక్షణ కోసం కృత్రిమ గర్భధారణను ఇప్పుడు ప్రోత్సహిస్తున్నందువల్ల, వీర్యం సేకరించే ప్రతి చోటా దిమ్మకు గుర్రం గుర్రానికీ కవరు మార్చడం, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచి తొడిగిన బకెట్టు, ఒక్కో గుర్రానికి విడి దూది, విడి చేతి తొడుగులు మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం. అమెరికాలో వీటిని పట్టించుకోని చోట్లే ఒక గుర్రం నుంచి మరో గుర్రానికి వ్యాధి పాకింది.

చూలు నిలవని ఆడగుర్రాన్ని పశువైద్యుడికి చూపించే యజమాని రెండు సంగతులు చెప్పగలిగితే సగం పని అయినట్టే: దాటించిన ఎన్నో రోజుకు స్రావం కనిపించింది, మళ్లీ ఎన్నో రోజుకు ఎదకు వచ్చింది. 21 రోజులకు బాగా ముందే ఎద వచ్చి, స్రావం కూడా ఉంటే, చికిత్స మొదలుపెట్టే ముందే స్వాబ్ తీయాలి. యాంటీబయాటిక్ ఇచ్చాక తీసిన నమూనాలో బ్యాక్టీరియా దొరకడం కష్టం. దాటిన మగగుర్రాన్ని కూడా ఫలితం వచ్చేదాకా మరే ఆడగుర్రం దగ్గరికీ పంపకూడదు.